కొత్తవాళ్ళకు వదిలిన పని

అన్యాయం ఎవరికి జరిగింది?

సగం బాబాయికి.

ఏ విధంగా? చేతనైన పనిని కూడా సగంలో వదిలేసే సోమరి అని నలుగురి ఎదుట నిందించి, ఆయనను గది నుంచి పంపివేశారు.

ఆ గది ఒక అచ్చాఫీసు మేడమీద ఉండేది. సెలవురోజుల్లో కొందరు అక్కడ చేరి, జీతం భత్యం లేకుండా ఒక లైబ్రరీని నిర్మించేవారు. పుస్తకాల లైబ్రరీ కాదు. ఫైలు తెరవాలన్నా, గడియారం చూడాలన్నా ప్రోగ్రాముల తరఫున కంప్యూటరుతో మాట్లాడే కోడ్. ఎక్కడెక్కడి ఆసుపత్రులో, కార్యాలయాలో దాన్ని ఉచితంగా వాడుకునేవి.

చేయవలసిన పనులన్నీ గోడమీది తెరపై కనిపించేవి. పచ్చగుర్తు ఉన్నవి కొత్తగా వచ్చేవారి కోసం.

ఆ గుర్తులన్నీ బాబాయి పెట్టినవే. లోపం ఎక్కడుందో ఆయన కనిపెట్టేవాడు. ఏ ఫైలు తెరవాలో, ఎక్కడ తడబడతారో, సరిచేశాక ఎలా పరీక్షించుకోవాలో ఓపికగా రాసేవాడు. రాసి, అక్కడితో వదిలేసేవాడు. అందుకే ఆ పేరు.

లైబ్రరీ కొత్త వెర్షన్ విడుదల దగ్గరపడిన వారం, గదిని నడిపించే ఆమె సహనం కోల్పోయింది.

"ఏంటి బాబాయ్ ఇది? తెర నిండా పచ్చగుర్తులే. ఇక్కడేమైనా ఆకుకూరలు వేశారా?"

గది గొల్లుమంది.

"కొత్తవాళ్ళొస్తారు కదమ్మా," అన్నాడాయన.

"ఎప్పుడొస్తారు? వచ్చి, నెలంతా తంటాలుపడి మూడు లైన్లు మారుస్తారు. అవే మూడు లైన్లు మీరు టీ చల్లారేలోగా మార్చేయొచ్చు. మీకు వచ్చా, రాదా? అది చెప్పండి."

"వచ్చు."

"మరి చేతులకేం వచ్చింది?"

"మనమే చేసేస్తే వాళ్ళకేం మిగులుతుందమ్మా? గుమ్మం దాకా వచ్చినవాళ్ళు ఏం పట్టుకుని లోపలికొస్తారు?"

"వచ్చో రాదో ఎవరు చూడొచ్చారు!" వెనకనుంచి ఎవరో అన్నారు. "కబుర్లు రాయడానికేం, నేనూ రాస్తాను."

మళ్ళీ నవ్వులు.

బాబాయి సమాధానం చెప్పలేదు. చెప్పగలిగి ఉండీ చెప్పలేదు.

"ఇంక మీరు రావద్దు," అంది ఆమె. "పని చేసేవాళ్ళకే ఇక్కడ కుర్చీలు చాలట్లేదు."

ఆయన లేచి, కుర్చీని చప్పుడు కాకుండా బల్ల కిందకు జరిపాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"ఆ పచ్చవి మాత్రం ఉంచండమ్మా."

ఉంచలేదు. ఆ సాయంత్రమే ఆరితేరినవాళ్ళంతా తలా కొన్ని పంచుకుని, పచ్చగుర్తన్నది లేకుండా తెర శుభ్రం చేశారు. చప్పట్లు కొట్టుకున్నారు.

తర్వాత కూడా కొత్తవాళ్ళు వచ్చేవారు. తెర వంక చూసేవారు. మిగిలినవన్నీ కొరుకుడుపడని పనులు. "మళ్ళీ వస్తామండీ" అని మెట్లు దిగేవారు. మళ్ళీ వచ్చేవారు కారు.

పాతవాళ్ళలో ఒకరికి ఉద్యోగం మారింది. ఒకరి ఇంట పసిబిడ్డ. ఇంకొకరికి ఉత్త విసుగు. ఏడాది తిరిగేసరికి గదిలో ఆమె ఒక్కతే మిగిలింది. లోపాలు వచ్చిపడుతూనే ఉన్నాయి. చూసేవారు లేరు. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే లైబ్రరీని మూసివేయక తప్పదు.

అప్పుడు బాబాయి గుర్తుకు వచ్చాడు. అడ్రసు కనుక్కుని వెళ్ళింది.

తలుపు తీసింది ఆయన చెల్లెలు.

"అన్నయ్య పోయి రెండు నెలలైందమ్మా."

కూర్చోమన్న మాట ఆమెకు వినపడలేదు. చెల్లెలే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఆ మేడమీది గదినుంచా? చివర్లో మీ మాటే ఎత్తేవాడు కాదు. అంతకు ముందైతే నా బుర్ర తినేసేవాడు. ఎక్కడో ఏదో తప్పు దొరికిందని, తిండి కూడా మానేసి కూర్చుని సరిచేసేవాడు. 'పనిచేసిందే!' అని చిన్నపిల్లాడిలా పిలిచి మరీ చూపించేవాడు. నాకేం అర్థమవుతుంది? బాగుందన్నయ్యా అనేదాన్ని. మర్నాటికి చెరిపేసేవాడు."

"చెరిపేయడమేంటి?"

"మొత్తం చెరిపేసేవాడు! నాకు ఒళ్ళు మండేది. అంత కష్టపడి చేసింది బూడిదపాలు చేస్తావేంటి అంటే, 'నేను చేసి చూడకపోతే, ఎక్కడ తడబడతారో వాళ్ళకెలా చెప్పనే?' అనేవాడు."

"అన్నీ అలాగేనా?" అని అడిగింది ఆమె.

"ఒక్కటైనా ఉంచాల్సింది," అంది చెల్లెలు, కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "ఇది మా అన్నయ్య చేశాడు అని చూసుకోవడానికి నాకేం లేకుండా పోయింది."

ఆమె గదికి తిరిగి వచ్చింది. ఒక లోపాన్ని పట్టుకుని సరిచేసింది. పరీక్షించింది. అంతా సవ్యంగా ఉందని తేలాక, చేసినదంతా చెరిపివేయడానికి సిద్ధపడింది. చెయ్యి ఆడలేదు. అంత చిన్న పని మీద అంత మమకారం ఉంటుందని ఆమెకు అంతవరకూ తెలియదు.

అయినా చెరిపింది. ఏ ఫైలు తెరవాలో, ఎక్కడ తడబడతారో వివరంగా రాసి, పచ్చగుర్తు పెట్టింది.

కొన్నాళ్ళకు మందుల దుకాణంలో పనిచేసే ఒకావిడ బెరుకుబెరుకుగా మెట్లెక్కి వచ్చింది.

"ఆ పచ్చగుర్తు పని నేను చూడొచ్చాండీ? నాకు అంతంతమాత్రమే వచ్చు."

"చూడండి. తొందరేం లేదు."

ఆవిడ కిందా మీదా పడింది. రెండుసార్లు కన్నీళ్ళు పెట్టుకుంది. వారాలు గడిచాక, ఒక మధ్యాహ్నం ఆవిడ రాసిన కోడ్ పరీక్షలన్నిటిలో నెగ్గింది. ఆవిడ కుర్చీలోంచి ఒక్క ఉదుటున లేచింది.

"అయిపోయింది! ఎవరి సాయం లేకుండా నేనే చేశానండీ!"

నిజం ఆమె నాలుక చివరిదాకా వచ్చింది.

"అవునమ్మా, మీరే చేశారు," అంది.

ఆ మాటతో ఆమె పాత ఋణం పూర్తిగా తీరింది. చాలా ఏళ్ళ కిందట ఇదే గదిలో తన మొదటి పని ముగించి తానూ అలాగే అరిచినప్పుడు, మూల కుర్చీలోంచి "అవునమ్మా, నువ్వే చేశావు" అన్నవాడు సగం బాబాయే.