దూకే చేపకు మూత

“మళ్ళీ దూకేసిందయ్యా! నువ్విచ్చిన రెండోది కూడా పోయింది,” తలుపు తీస్తూనే అన్నాడు ఇంటాయన.

అక్వేరియం మెకానిక్ ఉసూరుమంటూ సంచీ కింద పెట్టాడు. రెండంతస్తులు ఎక్కొచ్చిన ఆయాసానికి తోడు ఈ వార్త! కింద వాచ్‌మన్ నడుం విరిగిన క్రోటన్ మొక్కలకు పుల్లలు కడుతూ, “పైనుంచి ఏదో పడిందిలే,” అని మొహం తిప్పుకున్నప్పుడే ఇవాళ్టి రోజు బాగోలేదనుకున్నాడు.

ఆ ఉప్పునీటి తొట్టెలో ఇక మిగిలింది ఒక్కటే జాఫిష్. వేలెడంత ఒళ్ళు, అందులో సగం నోరే. ఆ నోటితోనే ఇసుక తోడి బొరియ చేసుకుని, తల మాత్రం బయటపెట్టి గుడ్లు మిటకరిస్తూ చూస్తుంది. మూడింటినీ అతను దుకాణంలో ఆరునెలలు కన్నబిడ్డల్లా సాకి ఇచ్చాడు. ఈ ఒక్కదాన్నయినా బతికించుకోవాలి.

ఉప్పు కొలిచాడు. వేడి చూశాడు. ఇసుక జానెడు లోతుంది, బొరియకు గులకరాళ్ళూ గవ్వముక్కలూ ఉన్నాయి. వంక పెట్టడానికి లేదు.

“దేనికి లోటు చెప్పు?” అన్నాడు ఇంటాయన. “వేళకి తిండి, కరెంటు పోతే బ్యాటరీ. కడుపులో చల్ల కదలకుండా పడుండక, ఏం పుట్టింది దీనికి?”

“భయం పుట్టింది సార్.” మెకానిక్ అవతలి మూలకి చూపించాడు. అక్కడ అరచేయంత ట్రిగ్గర్ చేప తాపీగా తిరుగుతోంది. “అదుంటే ఇది నిలవదు. దాన్ని తీసెయ్యండి.”

“అదేం చేసింది? ఒక్కసారైనా కరిచిందా?”

“కరవక్కర్లేదు సార్. ఇటు తిరిగితే చాలు, దీని పైప్రాణాలు పైనే పోతాయి. దిక్కుతోచక దూకేస్తుంది.”

“తొట్టెలోకి ముందొచ్చింది అది. నువ్వు మూత సంగతి చూడు.”

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. మెకానిక్ రెండు బకెట్ల పాతనీళ్ళు తోడి, పారబొయ్యడానికి బాల్కనీ తలుపు తియ్యమన్నాడు. ఇంటాయన జేబులోంచి తాళంచెవి తీసి, తళతళలాడే కొత్త తాళం తెరిచాడు.

“దొంగల భయం,” అన్నాడు అడక్కుండానే. నీళ్ళు పొయ్యగానే మళ్ళీ తాళం వేసేశాడు.

ఇంటావిడ కర్ర ఊతంతో మంచినీళ్ళు తెచ్చింది. కాలికి మోకాలిదాకా పిండికట్టు.

“అయ్యో, ఏమైందమ్మా?”

“జారిపడింది,” ఇంటాయనే జవాబిచ్చాడు. “చూసుకుని నడిస్తేగా!”

ఆవిడ ఔనన్నట్టు తలూపింది. ఫోను మోగి ఆయన లోపలికి వెళ్ళాక, తొట్టె దగ్గరికి వంగింది.

“దీన్ని తీసుకెళ్ళిపోతారా మీరు?”

“నాకూ అదే నయమనిపిస్తోందమ్మా. సార్ ఒప్పుకుంటే...”

“ఒప్పుకోరు.” చేపనే చూస్తూ అడిగింది. “మూత వేస్తే భయం పోతుందా?”

మెకానిక్‌కి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

“పోదమ్మా. దూకడం పోతుంది, అంతే.”

లోపల మాటలు ఆగాయి. ఆవిడ గ్లాసు తీసుకుని గబగబా కుంటుకుంటూ వెళ్ళిపోయింది.

అతను చట్రానికి సన్నటి నైలాన్ వల బిగించి మూత వేశాడు. పైపులు దూరే సందులు కూడా చిటికెనవేలు పట్టకుండా మూసేశాడు. పెద్దచేప ఒక చుట్టు తిరిగొచ్చింది. జాఫిష్ చటుక్కున బొరియలోకి దూరి, నోటితో ఓ రాయి లాక్కుని తలుపు వేసుకుంది. అతనికి ప్రాణం చివుక్కుమంది.

ఇంటాయన వచ్చి వలని వేలితో నొక్కి చూశాడు. ఇటు లాగాడు, అటు లాగాడు. ఎక్కడా కదల్లేదు. తృప్తిగా తలూపి, గొంతు తగ్గించాడు.

“ఇలాంటిదే, ఇంకా గట్టిది, బాల్కనీకి కూడా కావాలి.”