మిగిలిన పాటలు

"మైకులో శ్లోకాలు పెట్టెయ్యమంటారా అండీ?" అని నాగూర్ వలి అడిగేసరికి మాధవీలతకి అత్తగారికిచ్చిన మాట గుర్తొచ్చింది.

వాకిట్లో పాడె కడుతున్నారు. వరండాలో అత్తగారు కోటిరత్నం కొత్తచీర కప్పుకుని, ఇక ఎవరితోనూ పనిలేనట్టు పడుకుని ఉంది. మైకుసెట్టు వలి అప్పటికే వేపచెట్టుకి హారన్ కట్టేసి, పెన్‌డ్రైవ్ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆ ఊళ్ళో మనిషి పోతే శ్లోకాలు మోగాల్సిందే. అవి వినపడితేనే మిరపచేలల్లో ఉన్నవాళ్ళు ఎవరింట్లోనో చావని తెలుసుకుని, కోత ఆపి వస్తారు.

మాధవీలత భర్త యలమందని పక్కకి పిలిచింది.

"ఏవండీ, శ్లోకాలొద్దు. అత్తయ్య పాటలు పెట్టమంది."

"ఏం పాటలు?"

"ఇంకేం పాటలు, ఆ సినిమాలోవే."

ఆ సినిమా ఏదో ఊరందరికీ తెలుసు. మాటలు తక్కువ, పాటలు ఎక్కువగా ఉండే పాతకాలపు సినిమా. కల్లంలో తాలు మిరపకాయలు ఏరేటప్పుడు పడవ పాట, పొయ్యి ముందు కూర్చుంటే వెన్నెల పాట, కోడలి మీద కోపమొస్తే విరహం పాట, ఇట్లా కోటిరత్నం ఏ పనికి ఏ పాటో వాటా వేసుకుంది. చరణాల్లో సగం ఆవిడ సొంతంగా కట్టినవేనని గిట్టనివాళ్ళు అనేవాళ్ళు.

"ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని అడిగిందండీ. 'నే పోయిన్రోజు మైకులో మిగిలిన పాటలు పెట్టించు అమ్మాయ్' అంది. సరేనని చేతిలో చెయ్యేశాను."

"మిగిలిన పాటలేంటి?"

"ఏమో, ఆ జ్వరంలో ఏం మాట్లాడిందో. మాటైతే ఇచ్చాను."

యలమంద తువ్వాలుతో కళ్ళు తుడుచుకుంటూనే విసుక్కున్నాడు. "మైకు మోతంటేనే నీకు గిట్టదు గదా. మొన్న కోతలప్పుడు వలి ఏదో టెస్టింగ్ పెట్టుకుంటే, ఫోన్ చేసి మరీ ఆపించావు. ఇయ్యాల పాటలు కావాల్సొచ్చినయ్యా?"

"ఆ రోజు తల పగిలిపోయిందండీ నాకు. అదీ ఇదీ ఒకటేనా?"

ఇంతలో పాడె దగ్గరున్న పానకాలు చెవిన ఈ మాటలు పడనే పడ్డాయి. ఆయన కోటిరత్నానికి మరిది. ఆ ఇంట్లో మంచికీ చెడ్డకీ ఆయన మాటే చివరిమాట.

"ఏందమ్మాయ్, శవాన్ని వాకిట్లో పెట్టుకుని సినిమా పాటలా? చుట్టాలు మన మొహాన ఉమ్మేసి పోతారు."

పాడె కట్టేవాళ్ళు చేతులు ఆపి చూశారు. అరుగు మీద ఆడవాళ్ళు ఏడుపు ఆపి మరీ చూశారు. 'మాటిచ్చాను మామయ్యా' అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. మాధవీలతకి ఆ ముక్కే నోటికి రాలేదు.

"మీ ఇష్టం మామయ్యా," అంది.

నిజం చెప్పొద్దూ, కాదన్నది చిన్నమామయ్య కాబట్టి తప్పు తన మీదికి రాదని లోపల కాస్త ఊరట కూడా పడింది. ఆ తర్వాత ఆమెని పొడుచుకు తిన్నది ఆ ఊరటే. శ్లోకాలు మొదలయ్యాయి. పాడె లేచింది. అందరూ ఆఖరిచూపు చూసుకుంటుంటే ఆమె మాత్రం అత్తగారి కాళ్ళనే చూసింది. మొహం చూసే ధైర్యం లేకపోయింది.

మగవాళ్ళు శ్మశానానికి వెళ్ళారు. ఇల్లు కడుగుతున్నంతసేపూ చేతిలో చెయ్యేసిన ఆ వేడి గుర్తొస్తూనే ఉంది. మాట నిలబెట్టలేనిదానివి ఎందుకిచ్చావే అని తనని తానే తిట్టుకుంది. అప్పుడు వేపచెట్టు కింద వలి హారన్ విప్పుతూ కనపడ్డాడు. చీపురు పక్కన పడేసి గబగబా వెళ్ళింది.

"వలీ, ఆ సినిమా పాటలు నీ దగ్గరున్నాయా?"

"ఉన్నాయమ్మా."

"మామయ్యవాళ్ళు వచ్చేలోపు చిన్నగా ఒక్కటి పెట్టు. పోయినావిడకి ఇచ్చిన మాట తప్పాను. నాకు ముద్ద దిగదు."

వలి వైరు చుట్టడం ఆపాడు. ఆమె ఏడుపు మొహం చూసి జాలిపడ్డాడు.

"అంత బాధపడకండమ్మా. పెద్దమ్మ ఆ పాటలు మైకులో వినే పోయింది."

"విన్నదా? ఎప్పుడు?"

"మొన్న కోతల్లో, మీ కల్లంలోనే. 'పోయాక ఎట్టాగూ మీరు శ్లోకాలే పెడతారు, బతికుండగానే నా చెవినబడేట్టు పెట్టరా వలీ' అని నన్ను పిలుచుకుపోయింది. పండుమిరపకాయ పచ్చడి జాడీ కూడా ఇచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, కాయల మధ్య కుర్చీ వేసుకుని, పెళ్ళికొచ్చినట్టు కూర్చుంది."

మాధవీలతకి పొద్దుటినుంచి బిగబట్టిన ఊపిరి వదిలినట్టయింది. కొంగుతో మొహం తుడుచుకుంది.

"నీ కడుపు చల్లగుండ. నా పాపం నువ్వు కడిగావు వలీ. తనివితీరా అన్నీ విన్నదా?"

వలి నాలిక్కరుచుకున్నాడు. హారన్ భుజాన వేసుకున్నాడు గాని కదల్లేకపోయాడు.

"లేదమ్మా. రెండో పాట ఎత్తుకుందో లేదో మీ ఫోనొచ్చింది. 'నా కోసమని చెప్పకురా, కోడలికి తలనొప్పంట, ఆపెయ్యి. మిగిలినవి తర్వాత విందాంలే' అంది."