పచ్చ చుక్క

"బడి బోరింగు నీళ్లంటివా? ఆ సీసా ఇటియ్యి సుచరితా, బిడ్డకు తాపకు!"

పంచాయతీ ఆఫీసులో కంప్యూటర్ ముందు నుంచి సుహాసిని లేచి వచ్చి పాలసీసా లాక్కుంది. సుచరిత చంకలోని పాప ఏడుపందుకుంది.

"ఏమైందక్కా? బడి కాడి బోరింగు నీళ్లల్లనే పాలపొడి కలిపిన. గవి మంచి నీళ్లని పంచాయతీ పేజీల నువ్వే పెట్టినవు గదా!" సుచరిత ఫోన్ చూపించింది.

ఊళ్లోని బోరింగుల జాబితా. ప్రతి పేరు ముందూ పచ్చ చుక్కే.

సుహాసిని ఫోన్ అందుకుని జాబితా కిందిదాకా జరిపింది. "గది ఫ్లోరైడ్ బోరింగు. దానికి ఎర్ర చుక్క ఉండాలె."

"మరి పచ్చగెందుకున్నది?"

"ఎర్ర చుక్కలు పుండ్ల లెక్క కనబడుతున్నయి, జర అందంగ చెయ్యమన్నడు సెక్రటరీ సారు. నిన్న జాబితా మొత్తానికి ఒక్కటే రంగు రాసిన. చుక్కలే గదా అనుకున్న."

కంప్యూటర్ దగ్గరికి వెళ్లి, నిన్న రాసిన ఆ ఒక్క లైను చెరిపేసింది. తెర మీద కొన్ని చుక్కలు ఎర్రబడ్డాయి.

"అయిపోయింది. ఇగ ఫికర్ లేదు," అంది, తనకు తానే చెప్పుకుంటున్నట్టు.

సుచరిత తెర వైపు చూడలేదు. వాకిలి వైపు చూస్తోంది.

"అక్కా, అంగన్‌వాడీ టీచర్ గూడ గిదే చూసింది. బోరింగు నీళ్లే చాలని పొద్దుగాల ఫిల్టర్ నీళ్ల డబ్బాలు బంద్ చేపిచ్చింది."

రోడ్డు అవతలి అంగన్‌వాడీలో పిల్లల పళ్లేల చప్పుడు వినిపించింది. ఆ వెంటనే, దాని పక్కనే ఉన్న బడి బోరింగును ఎవరో కొడుతున్న చప్పుడు.