రోజంతా అంటే ఎలాగే!

“రోజంతానా! రోజంతా అంటే ఎలాగే?” గరిటె చేత్తో పట్టుకునే వంటగదిలోంచి వచ్చేసింది తల్లి.

కూతురు ఇంకా బూట్లు కూడా విప్పలేదు. దుకాణం సర్ది బయటపడేసరికి ముందు బస్సు ఎప్పటిలాగే తప్పిపోయింది. ఆ ఆయాసంలోనే, గుమ్మంలోనే చెప్పేసింది.

బట్టలు సరిచేసే ఆ దుకాణంలో ఇన్నాళ్లూ ఆమెది ఒంటిపూట పని. ప్యాంట్ల అంచులు కుట్టడం, జిప్పులు మార్చడం. ఇప్పుడు యజమాని పూర్తి ఉద్యోగం ఇస్తానన్నాడు. కొత్త గౌన్లు కత్తిరించే పని. చిన్నప్పటినుంచీ ఆమె కలలుగన్న పని. సాయంత్రంలోగా ఫోన్ చేసి ఏ సంగతో చెప్పాలి.

“ఎలా ఏముందమ్మా! పొద్దున వెళ్తాను, సాయంత్రం వస్తాను. అందరూ చేసేదేగా.”

“అందరి సంగతి నాకెందుకు? నువ్వేమో ఆ వీధివైపు అద్దం పక్కనే కూర్చుంటావు. ఏ లారీ అయినా అదుపు తప్పి దూసుకొస్తే? ఆ ఇస్త్రీపెట్టె బుస్సుమని ఆవిరి కక్కుతుంటే నా పైప్రాణాలు పైనే పోతాయి. మొహం కాలితే?”

“ఇన్నాళ్లూ కాలిందా?”

“అలాంటి మాటలు అనకూడదు!” అంది తల్లి, మొదలుపెట్టింది తనే అయినా.

కూతురు నవ్వేసింది. చూడనివన్నీ ఊహించుకుని భయపడటం అమ్మకి మామూలే. ఈ పరాయి దేశానికి వచ్చిన రోజే అనేసింది, “భాష రాదు, దారి తప్పితే నా శవం కూడా దొరకదు, నువ్వు లేకుండా గడప దాటను” అని. అందుకే మధ్యాహ్నాలు తల్లివి. ఇద్దరూ కలిసి కూరగాయలకి వెళ్లేవారు, పార్కులో కూర్చుని వచ్చేపోయేవాళ్ల బట్టల కుట్టుకి వంకలు పెట్టేవారు.

“పొద్దున్నంతా తలుపు గడియ వేసుకుని కూర్చుంటావు. చీకటి పడేదాకా అంటే నీకు పిచ్చెక్కుతుంది. అదే నా బెంగ.”

“నా సంగతి వదిలెయ్.” తల్లి శాలువా గట్టిగా కప్పుకుంది. ఇల్లు వెచ్చగానే ఉన్నా ఆమె ముక్కు ఎర్రబడి ఉంది.

“అవునూ, ఇంట్లోనే ఉంటావు కదా, రోజూ నేనొచ్చాకే అన్నం ఉడుకుతుందేమిటి?”

“వేడివేడిగా తింటావని!” కసిరింది తల్లి.

తిన్నాక కూతురు ఫోన్ తీసింది. “వద్దని చెప్పేస్తాను. మన మధ్యాహ్నాలు మనకుంటాయి.”

గొంతు మామూలుగానే ఉంది. వేళ్లు మాత్రం బల్లమీద గుడ్డ అంచుని మడతపెట్టి, గోటితో గీత దిద్దుతున్నాయి, కుట్టబోయే ముందు చేసినట్టు.

తల్లి ఆ వేళ్లనే చూసింది. ఫోన్ లాక్కుంది.

“ఆగు. చిన్నప్పుడు నా పట్టుచీర కత్తిరించి బొమ్మకి గౌను కుట్టావు. నీ వీపు విమానం మోత మోగించాను. కానీ ఆ గౌను ఎంత బాగుందనీ! చేరు.”

“నిజంగానా అమ్మా?”

“నిజంగానే. కాకపోతే మీ యజమానితో ఒక్క మాట చెప్పు. దుకాణానికి ఎదురుగా బస్టాపులో బెంచీ ఉందే, దానికి వీపు ఆనించుకోవడానికి చెక్కముక్కయినా లేదు. ఒకటి కొట్టించమను.”

కూతురు తెల్లబోయింది. “ఆ సంగతి నీకెలా తెలుసు?”

“ఒంటిపూటంటే ఎలాగో నిన్ను చూస్తూ కూర్చున్నాను గానీ, రోజంతా అంటే నా నడుం నిలవదే!”