పాముకి అత్తగారి అనుమతి

“పాము ఈ గడప తొక్కిందంటే, నేను ఈ గడప దాటినట్టే!”

అత్తగారు ఆ మాట అనేసి టీవీ సౌండు పెంచుకున్నారు. ఇల్లు ఆవిడది. ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన మనిషి. డాక్టర్లే ఆవిడ మాటకి ఎదురు చెప్పేవాళ్ళు కాదట. ఇక వాచీలు బాగుచేసుకునే అల్లుడెంత?

కానీ అల్లుడికి పాము కావాలి. చిన్నప్పుడు కుక్కపిల్ల కావాలంటే అమ్మ వద్దంది. పెళ్ళయ్యాక పిల్లిని తెస్తే భార్యకి ఒకటే తుమ్ములు. నలభై దాటాక, ఇన్నాళ్ళకి, ఒక కార్న్ స్నేక్ మీద మనసు పడింది. నారింజ రంగు. విషం లేదు. అరవదు, సోఫా చింపదు, తుమ్ములు తెప్పించదు. ఈసారి కూడా వద్దనిపించుకుంటే ఈ జన్మకి తనకంటూ ఒక పెంపుడు ప్రాణి ఉండదని అతనికి దిగులు పట్టుకుంది.

బతిమాలగా బతిమాలగా అత్తగారు ఒక మెట్టు దిగారు.

“ముందు దాని ఇల్లు కట్టండి, చూస్తాను. మనసు ఒప్పుకుంటే ఆదివారం చెబుతా. ఒప్పుకోలేదనుకోండి, ఆ గాజుపెట్టెలో ఉల్లిపాయలు పోసుకుంటా.”

చీమలు పెట్టిన పుట్టలో పాములు చేరతాయని సామెత. ఇక్కడ చీమలు దొరక్క పుట్ట కట్టే పని కూడా అల్లుడి మీదే పడింది.

గాజుపెట్టె అడుగున ఒక పక్కగా వేడి పలక పెట్టాడు. వేడి మితిమీరకుండా దానికో థర్మోస్టాట్ బిగించాడు. ఒక చివర వెచ్చన, ఇంకో చివర చల్లన. పాము తనకి ఎక్కడ హాయిగా ఉంటే అక్కడికి పోతుంది. కింద చెక్కపొట్టు పరిచాడు. ఎక్కడానికి ఎండుకొమ్మ, తాగడానికి బరువైన నీళ్ళగిన్నె, పగలంతా దాక్కోవడానికి బోర్లించిన చిన్న మట్టికుండ. పైన జాలీ మూత, దానికి నాలుగు వైపులా క్లిప్పులు.

భార్య గుమ్మంలో నిలబడి నవ్వింది. “మన కిటికీకి గొళ్ళెం పెట్టమని ఎన్నాళ్ళనించి మొత్తుకుంటున్నా? పాముకి మాత్రం రాజభోగం!”

“నీకు నేనున్నాగా. దానికెవరున్నారు?” అన్నాడు.

బుధవారం సాయంత్రం ఒక గుడ్డసంచీని కోడిగుడ్లు మోసినంత జాగ్రత్తగా మోసుకొచ్చి, గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడు. బయటికొచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది.

“కాస్త తడి నాచు వేశాను. ఇక ఇంటికి ఏ లోటూ లేదు.”

అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. అత్తగారు కళ్ళద్దాలు సర్దుకుని పెట్టె ముందు కుర్చీ వేసుకున్నారు.

“ఖాళీ పెట్టెకి ఇన్ని క్లిప్పులెందుకు?”

“అలవాటు కావాలి కదత్తయ్యా... నాకు.”

“మరి కరెంటు కాల్చడం దేనికి?”

“పాము రాకముందే కొన్నాళ్ళు వేడి నిలకడగా ఉందో లేదో చూసుకోవాలి. అదీ పద్ధతి.”

ఆ మాట నిజమే. పాములు పెంచేవాళ్ళు అలాగే చెబుతారు. అత్తగారు తలాడించి, మూత తీసి, మట్టికుండ మీద చెయ్యి వేశారు. అల్లుడి పై ప్రాణాలు పైనే పోయాయి.

“కదపకండి! వేడి చెదిరిపోతుంది!”

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

మర్నాటి నుంచి షాపులో అతనికి పని సాగలేదు. ఒక వాచీ స్క్రూ ఇంకో వాచీకి బిగించేవాడు. భార్య ఆఫీసుకెళ్తే పగలంతా ఇంట్లో అత్తగారు ఒక్కరే. ఆవిడ చెయ్యి ఊరికే ఉండదని అతని భయం. సాయంత్రం పరుగున వచ్చి ముందు ఆ గదిలోకే వెళ్ళేవాడు. క్లిప్పులు వేసినవి వేసినట్టే ఉండేవి. నీళ్ళగిన్నె మాత్రం తళతళలాడుతూ నిండుగా ఉండేది.

“నేనే కడిగా. పాచినీళ్ళు ఇంట్లో ఉంటే నాకు పడదు,” అన్నారు అత్తగారు. వెంటనే ఇంకో మాట కూడా అన్నారు. “పొద్దున వెచ్చదనం కాస్త తగ్గింది. ఆ పలక సంగతి చూడండి.”

శుక్రవారం వంటింట్లో భార్య గొంతు తగ్గించి చెప్పింది. “అమ్మ మధ్యాహ్నం సీరియల్ చూడ్డం మానేసిందండీ! పక్కింటావిడ పిలిచినా కదల్లేదట. ఆ గదిలోనే కూర్చుంటోందట. వద్దనడానికి వంక వెతుకుతోందేమో.”

ఇంకేముంది, పుట్టి మునిగినట్టే అనుకున్నాడు అల్లుడు.

ఆదివారం రానే వచ్చింది. అత్తగారు కాఫీ గ్లాసుతో హాల్లో కూర్చున్నారు. అల్లుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“పెట్టె శుభ్రంగా ఉంది. గాలి ఆడుతోంది. వేడి సరిపోయింది,” అన్నారావిడ, వార్డులో రౌండ్సు ముగించినట్టు. “సరే. నాకేం అభ్యంతరం లేదు.”

“నా నెత్తిన పాలు పోశారత్తయ్యా!” అల్లుడు గాలికన్నాలున్న డబ్బా చంకన పెట్టుకుని, అప్పుడే చెప్పుల్లో కాళ్ళు దూర్చేశాడు. “ఇప్పుడే వెళ్ళి తెచ్చేస్తా!”

“అంత తొందరేంటండీ, టిఫిన్ చేసి వెళ్ళండి,” అంది భార్య.

అతను వినిపించుకోలేదు. తలుపు తీశాడు. అత్తగారు చివరి గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, నింపాదిగా అన్నారు.

“ఎండలో ఆ ఖాళీ డబ్బా మోసుకుని ఊరంతా తిరగడం దేనికి అల్లుడుగారూ, మీరు దొంగచాటుగా తెచ్చిపెట్టిన పాము, మీరు షాపుకెళ్ళిందే తడవు, రోజూ నా చేతికే చుట్టుకుని పడుకుంటోంది!”