వందకు తగ్గితే

"తారీఖుగారూ, మీ పడవావిడ!" పత్రికాఫీసులో పేజీలు పెట్టే అమ్మాయి రిసీవరు మీద అరచెయ్యి అడ్డం పెట్టి కేకేసింది. "ఉన్నారనమంటారా, లేరనమంటారా?"

"రెండు నిమిషాలు ఆగమను," అన్నాడాయన కళ్లజోడు తుడుచుకుంటూ.

ఆయనకు పేరు లేక కాదు. ఇరవై ఏడేళ్లుగా పత్రికలో 'చరిత్రలో ఈ రోజు' రాస్తూ రాస్తూ అసలు పేరు అరిగిపోయి, తారీఖుగారు మిగిలాడు. రేపటి సంగతులు ఇవాళే రాయాలి. రోజుకు ఐదు, ఒక్కోదానికి పదిహేను మాటలు. రాజులు గద్దెలెక్కుతారు, దిగుతారు. యుద్ధాలు మొదలవుతాయి, ముగుస్తాయి. ఏడాది తిరిగేసరికి మళ్లీ అదే రాజు, అదే గద్దె. గానుగెద్దుకైనా ఎప్పుడో ఒకప్పుడు కాడి దించుతారు కదా, ఈయనకు ఈ నెలాఖరున దించుతున్నారు. ఆ తర్వాత ఈ శీర్షికను కంప్యూటరే రాసుకుంటుందట.

సంతోషమే. అలిసిపోయాడు. చచ్చిపోయిన వాళ్ల లెక్కలు రాసీ రాసీ వేళ్లు కూడా అలిసిపోయాయి.

కలం కోసం జేబు తడిమితే చీటీ ఒకటి చేతికి తగిలింది. మోకాళ్ల మాత్రలు. ఇంటావిడ నాలుగు రోజులుగా చెబుతూనే ఉంది, ఈయన మర్చిపోతూనే ఉన్నాడు. ఊళ్లో వాళ్ల తారీఖులన్నీ గుర్తుంటాయి గానీ ఇంట్లోకి మాత్రలు గుర్తుండవు అని సణిగి, పొద్దున చీటీ రాసి జేబులో కుక్కింది.

"పాపం, ఏటా ఈ రోజే ఫోను చేస్తుందండీ," అంది పేజీల అమ్మాయి. "నేను చేరాకే ఇది ఆరోసారి. ఒక్కసారి వేసేస్తే మీ సొమ్మేం పోయింది?"

"పదకొండు మందేనమ్మా. వందకు తగ్గితే వార్త, వంద దాటితేనే చరిత్ర. మన పాత ఎడిటరు పెద్దాయన పెట్టిన రూలు."

"ఆ పెద్దాయన పోయి పదేళ్లయింది. ఇంకా ఎవరికి భయపడతారు?"

తారీఖుగారు చెయ్యి చాచాడు. రిసీవరు అందుకున్నాడు.

"చెప్పండమ్మా."

"నేనేనండీ. రేవు పడవ సంగతి." ఆ గొంతు ఆయనకు కంఠతా వచ్చు. "రేపటికి పంతొమ్మిదేళ్లు. ఈసారైనా వేస్తారా?"

"రూలు మీకు తెలుసు కదమ్మా."

"తెలుసు. రేపు మీరేం వేస్తారో కూడా తెలుసు. ఓడ మునిగి నాలుగొందల మంది. అది ఏ సముద్రమో, వాళ్లెవరో! వాళ్లను మాత్రం ఏటా తలుచుకుంటారు. మా రేవులో పోయిన పదకొండు మందిని ఎవరు తలుచుకుంటారండీ? వచ్చే ఏడు మీరూ ఉండరు. ఆ కంప్యూటరుకు నేను ఫోను చేస్తే ఎత్తుతుందా?"

తన రిటైర్మెంటు సంగతి ఆవిడకెలా తెలిసిందని ఆయన అడగలేదు. గోడ మీద క్యాలెండరు వైపు చూశాడు.

"ఎప్పుడూ చెప్పని మాటొకటి చెబుతాను, వినండి," అందావిడ. "ఆ రోజు మా అమ్మాయి కాలేజీకి బయల్దేరి వీధి చివరిదాకా వెళ్లింది. టిఫిన్ డబ్బా మర్చిపోయింది. వాళ్ల నాన్న కేకేసి వెనక్కి పిలిచారు. పరిగెత్తుకొచ్చి డబ్బా తీసుకుని వెళ్లేసరికి మొదటి పడవ వెళ్లిపోయింది. రెండోది ఎక్కింది."

తారీఖుగారి చేతిలో వైరు మెలికపడింది.

"అప్పట్నుంచీ ఆయన ఇంట్లో ఆ మాటెత్తరు. నేనూ ఎత్తను. ఇద్దరం పక్కపక్కనే కూర్చుని తింటాం, వానల గురించి మాట్లాడుకుంటాం. ఆకలితో ఉంటుందనే కదండీ పిలిచారు? ఆయన తప్పేముంది? నా నోటితో ఆ మాట ఎదురుగా అనలేకపోయాను. పేపర్లో చూసైనా ఆయన ఒకసారి బావురుమంటే బాగుండు."

పేజీల అమ్మాయి గడియారం చూపించి చేతులు తిప్పింది. పేజీ వెళ్లిపోవాలి. తారీఖుగారు రిసీవరును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. నాలుగొందల మందితో సహా ఓడను తీసేశాడు. ఆ ఖాళీలో ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టాడు. ఇరవై ఏడేళ్ల అనుభవం ఎటు పోయిందో, మొదటి మాటకే మూడు తప్పులు పడ్డాయి.

"వింటున్నారా?" అన్నాడు. "పంతొమ్మిదేళ్ల క్రితం రేవు దాటుతున్న రెండో పడవ మునిగి పదకొండు మంది మరణించారు. ఎక్కువ మంది చదువుకునే పిల్లలు."

"అంతేనా?"

"పదిహేను మాటలేనమ్మా పట్టేది."

"రెండో పడవ అని రాశారా?"

"రాశాను."

పేజీల అమ్మాయి తెరలోకి తొంగిచూసి, ఆయన మొహంలోకి చూసి, పేజీ పంపేసింది. తారీఖుగారు కళ్లజోడు తీశాడు. ఈసారి తుడవాల్సింది అద్దాలు కాదు.

అవతల ముక్కు చీదుకోవడం వినిపించింది. ఈ ఫోన్లలో పంతొమ్మిదేళ్లుగా ఎన్నడూ లేనిది, ఆ గొంతులోకి రోజువారీ సణుగుడు వచ్చింది.

"చాలు, ఇంక ఇంటికి బయల్దేరండి, పొద్దున జేబులో చీటీ కూడా పెట్టాను, ఇవాళైనా ఆ మోకాళ్ల మాత్రలు మర్చిపోకండి."