బోర్లా పడి లేచే బండి

అక్షరాలు ముసలితనంలో నేర్చినదాన్ని. రాత నెమ్మది, తప్పులూ ఉంటాయి. దిద్దుకుని చదవండి.

ఉప్పాడ వీధులు సముద్రమయ్యాక, పాలకైనా బడికైనా అందరూ నిలబడి నడిపే జెట్ స్కీల మీదే పోతున్నారు. మా నూకరత్నానికి మాత్రం దానితో గాల్లో పల్టీలు కొట్టాలని పంతం. అందుకు తొలి బండి కొందామని, పాత బండ్లమ్మే సింహాద్రి పంటు, అంటే తేలే బల్లకట్టు, దగ్గరికి వెళ్ళింది.

"ఈ ఎర్రది సూడమ్మా, పెళ్ళికూతురులా లేదేటి?"

"అందం సరే బాబాయ్. నీళ్ళలో బోర్లా తిప్పి సూపించు."

సింహాద్రి ముఖం మాడిపోయింది. మా జాలరులు పడవను ఒడ్డు మీద కూడా బోర్లించరు.

"అపశకునం మాటలాడకే! మీ నాన్న పడవ ఎలా పోయిందో మర్సిపోయావా?"

"మర్సిపోలేదు. తిరగబడింది, మళ్ళీ లేవలేదు. అందుకే అడుగుతున్నా."

అతను కదలకపోతే తనే నీళ్ళలో దిగి ఎర్రదాన్ని తిప్పింది. అది నిటారుగా లేచాక రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మూలనున్న అతుకుల బండిని తిప్పింది. అది నీళ్ళు కక్కుకుని, మీట నొక్కగానే గుర్రుమంది.

"దాన్నెవరూ కొనరే! ఎన్ని అతుకులో సూడు."

"అన్నిసార్లూ పడి లేచిందన్నమాట. ఇదే నాది."

ఇంటి ముందుకొచ్చి, గడపలో నిలుచున్న అమ్మ కాసులమ్మ చూస్తుండగా కావాలనే బోల్తా కొట్టింది. అమ్మ గుండె పట్టుకుంది. నీళ్ళు చీల్చుకుని రత్నం లేచింది, బండితో సహా.

అమ్మ కళ్ళు తుడుచుకుని, "ఏదీ, ఇంకోసారి!" అంది.

ఆ అమ్మను నేనే, మైలపల్లి కాసులమ్మ,
అరవై నాలుగేళ్ళు,
ప్రస్తుతం తేలే ఉప్పాడ, మూడో వరస.